బిల్లు ఎవరు కట్టారు: పత్రికల్లో హోటల్ సమీక్ష, నిష్పాక్షికత



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆయన జీవితమంతా పత్రిక డెస్కులోనే గడిపారు. బైలైన్ కోసం ఎన్నడూ తాపత్రయపడలేదు. జిల్లాల నుంచి వచ్చిన కాపీలో ‘అంగరంగ వైభవంగా’ అని కనిపిస్తే కొట్టేసి, పక్కన ‘ఎంతమంది వచ్చారు? ఎవరు లెక్కపెట్టారు?’ అని రాసి తిప్పి పంపేవారు. పత్రికా విలువల మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు ఎన్నికల వార్తల గురించో, యాజమాన్యాల ఒత్తిళ్ల గురించో చెబుతానని వారు అనుకొని ఉంటారు. నేను హోటల్ సమీక్షను ఎంచుకున్నాను. విస్తరి ముందు కూర్చున్న విలేకరికి ఎదురయ్యే ప్రశ్నలు అసెంబ్లీ గ్యాలరీలో కూర్చున్న విలేకరికి ఎదురయ్యేవాటి కన్నా చిన్నవేమీ కావని నా నమ్మకం. ఖర్చు ఎవరు పెట్టారు? ఎన్నిసార్లు చూశాడు? చూసింది రాశాడా, అనుకున్నది రాశాడా?

ఇందులో రెండు వైపులా మనుషులున్నారు. ఒక వైపు, నెల జీతంలోంచి కొంత తీసి, పెళ్లిరోజున భార్యాబిడ్డల్ని ఓ మంచి హోటల్‌కు తీసుకెళ్లే పాఠకుడు. పత్రికను నమ్మి వెళ్తాడు. రెండో వైపు, అప్పు చేసి హోటల్ పెట్టిన యజమాని, అతని దగ్గర పనిచేసే వంటమాస్టర్లు, సర్వర్లు, గిన్నెలు తోమేవాళ్లు. పత్రికలో అరపేజీ చాలు వాళ్ల బతుకు అటో ఇటో అవడానికి. అందుకే ఈ రాత మీద నాకు ఇంత పట్టింపు.

పక్షపాతం ఈ వృత్తికి తర్వాత పట్టిన రోగం కాదు. పుట్టుకతోనే ఉంది. 1803లో పారిస్‌లో గ్రిమో ద లా రెనియేర్ అనే ఆయన ‘అల్మనాక్ దే గుర్మాన్’ అనే వార్షిక ప్రచురణ మొదలుపెట్టాడు. ఫ్రెంచి విప్లవం తర్వాత ప్రభువుల వంటవాళ్లు వీధిన పడి సొంతంగా హోటళ్లు తెరిచిన కాలం అది. ఎక్కడ ఏది బాగుంటుందో కొత్తగా డబ్బు చేతికొచ్చిన పట్నవాసులకు తెలియదు. గ్రిమో ఆ దారి చూపించాడు. రుచి చూసి తీర్పు చెప్పే ఒక బృందాన్నీ ఏర్పాటు చేశాడు. అయితే వర్తకులు తమ సరుకును ఉచితంగా ఆ బృందం ముందుకు పంపేవారు, దాని మీద తీర్పు అచ్చయ్యేది. కానుకలు పంపినవాళ్లకే మెప్పు దక్కుతోందని విమర్శలు వచ్చాయి. 1812 సంచికతో ఆ ప్రచురణ ఆగిపోయింది. సమీక్ష అనే ప్రక్రియా, ఉచితంగా వచ్చిన పళ్లెమూ ఒకే ఇంట్లో పుట్టాయన్నమాట.

వీటిని విడదీయడానికి గట్టిగా పూనుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవలసింది న్యూయార్క్ టైమ్స్‌కు చెందిన క్రెయిగ్ క్లైబోర్న్‌ను. మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, స్విట్జర్లాండ్‌లో హోటల్ విద్య చదివిన మనిషి. 1957లో ఆ పత్రికకు ఆహార సంపాదకుడయ్యాడు. అప్పటికి అమెరికా పత్రికల్లో వంట ఆడవాళ్ల పేజీ సంగతి. హోటళ్ల మీద రాతలు ప్రకటనల విభాగం నీడలో ఉండేవి. ఆయన పద్ధతి మార్చాడు. సమీక్షకుడు తానెవరో చెప్పకుండా వెళ్లాలి. ఒక్కసారితో తేల్చెయ్యకూడదు, మళ్లీ మళ్లీ వెళ్లాలి. నలుగురిని వెంటబెట్టుకెళ్లి మెనూలో వీలైనన్ని వంటకాలు తెప్పించాలి. బిల్లు పత్రిక కట్టాలి. 1963లో నక్షత్రాల గుర్తులు కూడా ఆయన హయాంలోనే వచ్చాయి.

ఈ నాలుగు నియమాల్లో రుచి గురించి ఒక్క మాటా లేదు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంది. నిష్పాక్షికత అనగానే, సమీక్షకుడికి సొంత ఇష్టాయిష్టాలు ఉండకూడదేమో అనుకుంటాం. అలాంటి నాలుక లోకంలో లేదు. గుంటూరులో పెరిగినవాడికి కమ్మగా ఉన్న పచ్చడి ఇంకో ఊరివాడికి కళ్లనీళ్లు తెప్పిస్తుంది. నిష్పాక్షికతను నాలుకలో వెతికితే దొరకదు. దాన్ని పెట్టుకోవలసింది పనితీరులో. ఎలా వెళ్లాడు, ఎన్నిసార్లు వెళ్లాడు, ఎవరి డబ్బుతో తిన్నాడు, తిన్నదాన్ని ఎంత నిజంగా వర్ణించాడు అన్నచోట. ఇష్టం సమీక్షకుడి సొంతం కావచ్చు. ఆ ఇష్టానికి చేర్చిన దారి మాత్రం ఎవరైనా నడిచి చూసుకునేలా ఉండాలి.

ఈ నియమాలు పెట్టిన మనిషికే ఇంకో కథ కూడా ఉంది. 1975లో ఒక టీవీ చానల్ ధార్మిక వేలంలో క్లైబోర్న్ 300 డాలర్లకు పాట పాడి, ప్రపంచంలో ఎక్కడైనా ఇద్దరికి విందు అనే బహుమతి గెలుచుకున్నాడు. దాని ఖర్చు భరించింది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ. పారిస్‌లోని షే దెనీ అనే హోటల్‌లో మిత్రుడితో కలిసి 31 రకాలు తిన్నాడు. బిల్లు 4,000 డాలర్లు. ఆ కథనం మొదటి పేజీలో వచ్చింది, పాఠకుల ఆగ్రహం ఉత్తరాలుగా వచ్చిపడింది. చాలామంది కోపం దుబారా మీద. నాకు కనిపించేది వేరు: బిల్లు పత్రిక చేతుల్లోంచి జారిన రోజున కథ పాఠకుడిని వదిలేసి వెళ్లిపోయింది. ఆ భోజనం చదివినవాళ్లలో ఎందరికి ఏ రకంగా ఉపయోగపడింది?

అజ్ఞాతంగా వెళ్లడం ఎందుకో అందరికన్నా స్పష్టంగా చూపించింది రూత్ రైకల్. 1993లో ఆమె అదే పత్రికలో సమీక్షకురాలిగా చేరింది. చేరకముందే, న్యూయార్క్ వెళ్తున్న విమానంలో పక్క సీటులో కూర్చున్న ఒక హోటల్ ఉద్యోగిని ఆమెను గుర్తుపట్టి, నగరంలోని హోటళ్ల వంటగదుల్లో ఆమె ఫోటో ఇప్పటికే అంటించారని చెప్పింది. దాంతో రైకల్ విగ్గులు పెట్టుకుని, వేషాలు మార్చి, వేరే పేర్లతో తిరిగింది. ఆ సంవత్సరం అక్టోబరులో ల సిర్క్ అనే పేరుమోసిన హోటల్ మీద రాసింది. నాలుగు నక్షత్రాల హోటల్ అది. ఎవరూ గుర్తుపట్టని ఆడమనిషిగా వెళ్లినప్పుడు చాలాసేపు నిలబెట్టారు, పొగతాగేవాళ్ల వైపు కూర్చోబెట్టారు, చేతిలోని వైన్ జాబితాను సర్వర్ మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు. గుర్తుపట్టాక వెళ్తే, స్పెయిన్ రాజు వేచి ఉన్నా ఆమెకు బల్ల సిద్ధంగా ఉంది. ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కనే అచ్చువేసి ఒక నక్షత్రం తగ్గించింది.

దీన్ని హోటల్‌ను పట్టుకున్న గూఢచారి కథగా చెప్పుకుంటూ ఉంటారు. నా లెక్కలో అది ఒక కొలత. తెలిసినవాడికి వడ్డించేదానికీ, తెలియనివాడికి వడ్డించేదానికీ మధ్య దూరం ఎంతో ఆమె కొలిచింది. పేరున్నవాడికి మర్యాద చెయ్యడం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. కానీ పత్రిక పాఠకుల్లో దాదాపు అందరూ తెలియనివాళ్లే. వాళ్ల తరఫున వెళ్లినవాడు వాళ్ల పళ్లెంలోనే తినాలి.

ఇప్పుడు ఆ ముసుగు తొలగిపోతోంది. 2010లో బెవర్లీ హిల్స్‌లో ఒక హోటల్ యాజమాన్యం లాస్ ఏంజెలిస్ టైమ్స్ సమీక్షకురాలిని గుర్తుపట్టి, భోజనం పెట్టకుండా బయటికి పంపి, ఆమె ఫోటోను ఇంటర్నెట్‌లో పెట్టింది. 2015లో అదే పత్రిక సమీక్షకుడు జొనాథన్ గోల్డ్ తనంతట తానే ముఖం చూపించాడు. 2025లో న్యూయార్క్ టైమ్స్ తేజల్ రావ్, లిగాయా మిషాన్‌లను ప్రధాన సమీక్షకులుగా నియమిస్తూ అజ్ఞాతాన్ని వదులుకుంది. సెల్‌ఫోన్లు, వీడియోలు ఉన్న కాలంలో ముఖం దాచడం కష్టమన్న మాట నిజమే. కానీ ముఖం తెలిసినా వేరే పేరుతో బల్ల బుక్ చెయ్యవచ్చు, చెప్పకుండా వెళ్లవచ్చు. గుర్తుపట్టినంత మాత్రాన చేతకాని వంట అప్పటికప్పుడు రాదు. మారేది మర్యాద, కూర్చోబెట్టే చోటు, పళ్లెంలో ముక్కల లెక్క. కాబట్టి పక్క బల్లను చూడటం నేర్చుకోవాలి. పక్కవాడి ముందుకు బిర్యానీ ఎంతసేపటికి వచ్చింది, చల్లారి వచ్చిందా, అతను వెనక్కి పంపితే ఏం సమాధానం చెప్పారు అన్నది చూసి రాసిన రెండు వాక్యాలు సమీక్షకుడికి జరిగిన సేవ గురించిన రెండు పేరాలకన్నా విలువైనవి.

ఇక సమీక్ష నాణ్యత. ఇక్కడ కోర్టులు మనకు నేర్పినంత బాగా ఏ జర్నలిజం కళాశాలా నేర్పలేదని నా అభిప్రాయం. 2000 ఆగస్టులో బెల్‌ఫాస్ట్‌లోని ఐరిష్ న్యూస్ పత్రిక ఒక పిజ్జా హోటల్ మీద కటువైన సమీక్ష వేసింది. కోలాలో గ్యాసు లేదు, చికెన్ మార్సాలా తినలేనంత తీపిగా ఉంది, ఇలాగ. యజమాని పరువునష్టం దావా వేశాడు. 2007లో జ్యూరీ 25,000 పౌండ్లు చెల్లించమంది. ఇక పత్రికల్లో చెడు సమీక్ష అనేది ఉండదని అందరూ భయపడ్డారు. 2008లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఏది వాస్తవం, ఏది అభిప్రాయం అన్న తేడాను జ్యూరీకి సరిగా వివరించలేదన్నది అందులో కీలకం.

ఆ తేడాను మనం రోజూ రాసే వాక్యాల్లోకి తెచ్చుకోవాలి. కోలాలో గ్యాసు లేదన్నది వాస్తవం. ఉంది, లేదు అని తేల్చవచ్చు. తినలేనంత తీపి అన్నది అభిప్రాయం. దానికి ఆధారంగా సాస్‌లో ఏం తగిలిందో ముందు చెప్పి ఉంటే ఆ అభిప్రాయం నిలబడుతుంది. ‘సాంబారు బాగోలేదు’ అంటే పాఠకుడి చేతిలో పెట్టింది ఏమీ లేదు. ‘సాంబారులో పప్పు అడుగున, నీళ్లు పైన విడిపోయి ఉన్నాయి, ముక్కలు పచ్చిగా ఉన్నాయి, బెల్లం నాలుకకు ముందే తగులుతోంది’ అంటే మూడు వాస్తవాలు వచ్చాయి. బెల్లం వేసిన సాంబారు ఇష్టపడే పాఠకుడు ఆ మూడో వాస్తవం చూసే అక్కడికి వెళ్లవచ్చు. సమీక్షకుడితో ఏకీభవించని మనిషికి కూడా పనికొచ్చినప్పుడే అది మంచి సమీక్ష. దీనికన్నా కఠినమైన పరీక్ష నాకు తెలియదు.

సిడ్నీ కేసు ఇంకా బరువైనది. 2003లో సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ కొత్తగా తెరిచిన కోకో రోకో హోటల్‌కు 20కి 9 మార్కులు వేసింది. కొన్ని నెలల్లో హోటల్ మూతపడింది. దావా ఏళ్ల తరబడి నడిచి, 2007లో ఆస్ట్రేలియా హైకోర్టు దాకా వెళ్లి, చివరకు 2014లో 6 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా పరిహారంగా పత్రిక కట్టవలసి వచ్చింది. పత్రికా స్వేచ్ఛకు దెబ్బ అని మన వృత్తివాళ్లు బాధపడ్డారు, నేనూ బాధపడ్డాను. అయినా అందులో ఆలోచించవలసింది ఉంది. కొత్త హోటల్‌లో మొదటి వారాల్లో వంటగదికీ హాలుకూ లంకె కుదరదు. సర్వర్లు మెనూ నేర్చుకుంటూ ఉంటారు. అమెరికాలో ఆహార పాత్రికేయులు కనీసం ఒక నెల ఆగాలని తమకు తాము నియమం పెట్టుకున్నది ఇందుకే. మొదట రాసిన పత్రిక అనిపించుకోవాలన్న తొందరలో ఆ నెలను మనం తినేస్తాం.

తప్పు లేని హోటల్‌ను కొట్టడం ఎంత అన్యాయమో, పెద్ద పేరును చూసి ఊరుకోవడం అంతే అన్యాయం. 2016 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సమీక్షకుడు పీట్ వెల్స్ న్యూయార్క్‌లోని పర్ సే హోటల్‌ను నాలుగు నక్షత్రాల నుంచి రెండుకు దించాడు. ఒక మనిషి భోజనానికి వందల డాలర్లు తీసుకునే చోటు అది. ఆయన రాత పదునుగా ఉంటుంది, కానీ అందులో ప్రతి పదునైన మాట వెనకా ఒక పళ్లెం ఉంది. వెక్కిరింతలు రాయగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. లండన్ పత్రికల్లో చెడు సమీక్షను సరదాగా చదువుకునే సంప్రదాయమే ఉంది. పాఠకుడిని నవ్వించడానికి ఒక చిన్న హోటల్‌ను పణంగా పెట్టడం నాకు నచ్చదు. కొట్టాలనుకుంటే, తగిలినా తట్టుకోగలవాడిని ఎంచుకోవాలి.

జొనాథన్ గోల్డ్ పేరు ఇందాక చెప్పాను. ఆయన గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి. లాస్ ఏంజెలిస్‌లో పీకో బూలవార్డ్ అనే పొడవాటి రోడ్డు మీద ఉన్న హోటళ్లన్నిటిలోనూ వరుసగా తినాలని యువకుడిగా ఉన్నప్పుడు బయల్దేరాడు. తర్వాత ఆయన రాసినవి ఎక్కువగా వలస వచ్చినవాళ్ల చిన్న హోటళ్ల మీద: మెక్సికో టాకో బళ్లు, కొరియా సూపు అంగళ్లు, థాయ్ హోటళ్లు. 2007లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. హోటల్ సమీక్షకుడికి ఆ బహుమతి రావడం అదే మొదలు. నూడుల్స్ ఏ ప్రాంతం నుంచి వచ్చాయో, అక్కడ అవి ఎలా ఉండాలో తెలుసుకున్నాకే ఇక్కడ ఎలా ఉన్నాయో చెప్పేవాడు. 2018లో ఆయన చనిపోయినప్పుడు దుఃఖించినవాళ్లలో ఆ చిన్న హోటళ్ల యజమానులు ఎందరో ఉన్నారు.

ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా మన పేజీలు గుర్తొస్తాయి. మన తెలుగు పత్రికల్లో సినిమా సమీక్షకు ఉన్న స్థానం హోటల్ సమీక్షకు ఎప్పుడూ దొరకలేదు. ఆదివారం అనుబంధాల్లో వంటల తయారీ ఉంటుంది, ఫలానా ఊరి పూతరేకులో ఫలానా ఊరి కాజానో అని ముచ్చటైన కథనాలు ఉంటాయి. వెళ్లి, డబ్బు కట్టి, తిని, బాగోగులు తూచి చెప్పే రాత అరుదు. ఆ ఖాళీని నగర అనుబంధాల్లో ఇంకొకటి నింపింది. హోటల్ వాళ్లు పిలుస్తారు, పెద్ద చెఫ్ బల్ల దగ్గరికి వచ్చి మాట్లాడతాడు, ఫోటోలు వాళ్లే ఇస్తారు. మర్నాడు ‘నోరూరించే రుచుల పండగ’ అని వస్తుంది. అది సమీక్ష కాదని విలేకరికి తెలుసు, సంపాదకుడికి తెలుసు, యాడ్స్ విభాగానికి మరీ బాగా తెలుసు. తెలియనిది పాఠకుడికి మాత్రమే.

పెయిడ్ న్యూస్ గురించి మనం కోపంగా మాట్లాడుకున్నాం. 2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. ఆ ఉపసంఘం నివేదికను పూర్తిగా బయటపెట్టడానికి కౌన్సిల్ జంకినా, అందులోని విషయాలు దేశమంతా చర్చకు వచ్చాయి. ఎన్నికల వార్తకు డబ్బు తీసుకోవడం నేరంలా తోచిన మనకు, హోటల్ వార్తకు భోజనం తీసుకోవడం మర్యాదలా ఎందుకు తోచింది? ఇవాళ ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో బిర్యానీ వీడియోలు చేసే కుర్రవాళ్లను మనం చులకనగా చూస్తాం. కానీ డబ్బో, కానుకో, ఉచిత సేవో పొంది చెబుతుంటే ఆ మాట బయటపెట్టి తీరాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వాళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. ఆ కుర్రవాళ్లు వీడియోలో చూపవలసిన ఒక్క లైను మన పేజీలో ఎందుకు ఉండకూడదు?

ఏ హోటల్ పేజీకి ఎక్కుతుంది అన్నదగ్గరే మొదటి పక్షపాతం మొదలవుతుంది. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, రంజాన్ నెలలో దాని మీద ఎన్నో రాతలు వస్తాయి. అదే నగరం పాతబస్తీలో చేతిలో తక్కువ డబ్బులున్నవాడి కడుపు నింపే కల్యాణి బిర్యానీ గురించి ఎన్ని చదివాం? ఉగ్గాని బజ్జీ, రాగిసంగటి పెట్టే రాయలసీమ చిన్న హోటళ్లు, విద్యార్థులూ కూలీలూ తినే మెస్సులూ, తెల్లవారకముందే పొయ్యి వెలిగించే టిఫిన్ సెంటర్లూ సమీక్షకు అర్హం కావని ఎవరు తేల్చారు? మన పాఠకుల్లో ఎక్కువమంది తినేది అక్కడే. సమీక్షకుడు ఏం తింటాడు, ఏం తినడు అన్నది కూడా పాఠకుడికి చెప్పాలి. మాంసం ముట్టనివాడిని మాంసం హోటల్‌కు పంపి, పనీర్ కూర మీద తీర్పు రాయించడం హోటల్‌కూ న్యాయం కాదు, పాఠకుడికీ కాదు.

సమీక్షకుడు చెయ్యలేనిది కూడా చెప్పాలి. అతను చూసేది హాలు, వంటగది కాదు. 2024లో హైదరాబాద్‌లో ఆహార భద్రతా అధికారులు వరుసగా తనిఖీలు చేసినప్పుడు పేరున్న హోటళ్లలోనూ గడువు దాటిన సరుకు దొరికింది. అదే సంవత్సరం అక్టోబరు చివర్లో పచ్చి గుడ్లతో చేసే మయొనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. రుచిగా ఉండటం వేరు, శుభ్రంగా ఉండటం వేరు. ‘శుభ్రమైన వంట’ అని సమీక్షలో రాసేముందు, ఆ సంగతి నాకెలా తెలుసు అని ప్రశ్నించుకోవాలి. తనిఖీ నివేదిక ఉంటే దాన్ని పేర్కొనవచ్చు. లేకపోతే, బల్ల మీద ఈగలున్నాయా, చేతులు కడిగే చోట నీళ్లు వస్తున్నాయా అన్నవి చూసినంతవరకు రాసి ఆగాలి.

మార్కుల గురించి ఒక్క మాట. సినిమా సమీక్షలో 5కి 2.75 అన్నది చూసి మిగతాది చదవకుండా వెళ్లిపోయే అలవాటు మనకు పడిపోయింది. పెసరట్టుకూ, దమ్ బిర్యానీకీ ఒకే కొలబద్ద మీద మార్కులు వెయ్యడం నాకు అర్థం లేని పనిగా తోస్తుంది. క్లైబోర్న్ నక్షత్రాలను నేను గౌరవిస్తాను, కానీ తెచ్చుకోమని చెప్పను. వాటి బదులు, ఇద్దరు తింటే ఎంత అయిందో రాయండి. ధర కన్నా నిజాయితీగల అంకె ఏ హోటల్‌లోనూ లేదు.

ఈ సభలో ఇద్దరు ముగ్గురు సంపాదకులు ఉన్నారు, ఎడిషన్ ఇన్‌చార్జీలు ఉన్నారు. మీకు ఒక విన్నపం. ఒక్క జిల్లా ఎడిషన్‌లో, నెలకు ఒక్క హోటల్‌తో మొదలుపెట్టండి. తెరిచి నెల దాటని చోటికి వెళ్లవద్దు. ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి, ఒక ఆదివారం రద్దీలో, ఇలా వేర్వేరు వేళల్లో విలేకరిని పంపండి. ఆ హోటల్ యాడ్ అదే పేజీలో ఉంటే ఆ నెల సమీక్ష ఆపండి, లేదా ఆ సంగతి అక్కడే చెప్పండి. అచ్చయ్యాక యజమాని ఉత్తరం రాస్తే అంతే చోటు ఇచ్చి వెయ్యండి. కటువుగా రాసినచోటికి ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లండి. బాగుపడితే ఆ మాట కూడా అదే సైజు శీర్షికతో రాయండి. సమీక్ష కింద ఒక లైను ఉండాలి: ఎన్నిసార్లు వెళ్లాం, ఎంత అయింది, బిల్లు ఎవరు కట్టారు. మొదటి హోటల్‌గా పెద్ద అద్దాల మేడను ఎంచుకోకుండా, మీ జిల్లా కేంద్రంలో బస్టాండు ఎదుట ఉన్న మెస్సును ఎంచుకుంటే, విలేకరి వెళ్లిన అన్ని సార్లకూ కలిపి మీకయ్యే ఖర్చు మీ పేజీలో అతి చిన్న ప్రకటన ధర కన్నా తక్కువే ఉంటుంది.